మెహమాన్ ఎవరు? ఘర్‌వాలే ఎవరు?

గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం.. ఈ వైపు సాయిబుల ఇళ్ళలో మాట్లాడే ఉర్దూ లక్నో ఉర్దూ కాదు. సగం దక్కనీ, పావు తెలుగు, మిగతా పావు మా అమ్మలు సొంతంగా చేసుకున్నది. ఆ ఉర్దూలో ఇంటికొచ్చినవాణ్ణి మెహమాన్ అంటారు. అన్నం పెట్టేవాళ్ళకు కితాబుల్లో మేజ్బాన్ అనే మాట ఉంది గానీ మా వీధిలో అది వినపడదు. 'ఘర్‌వాలే' అంటారు. ఇంటివాళ్ళు. అంతే.

ఇప్పుడు పట్నాల్లో చదివే పిల్లల నోట కొత్తమాట ఒకటి వినపడుతోంది. హోస్ట్ ఫ్యామిలీ. ఒక సెమిస్టరో ఒక సంవత్సరమో పరాయి దేశంలో చదువుకోవడం, హాస్టల్లో కాకుండా అక్కడి ఒక కుటుంబంతో కలిసి ఒకే కప్పు కింద ఉండటం, వాళ్ళు తినేది తినడం, వాళ్ళ పండగల్లో కూర్చోవడం, వాళ్ళకు మన పండగ చెప్పడం. వినడానికి బాగుంది. మా ప్రాంతం నుంచి ఈ దారిన పోయిన ముస్లిం పిల్లలు ఎంతమందని అడిగితే మాత్రం వేళ్ళు చూసుకోవాల్సిందే.

అయినా ఈ మాట గురించి రాయాలనిపించడానికి కారణం వేరే ఉంది. ఈ దేశంలో పుట్టి, ఈ మట్టిలో తాతల సమాధులున్న మమ్మల్ని చాలామంది ఇప్పటికీ మెహమాన్ల లాగే చూస్తున్నారు. 'మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అనే ప్రశ్న మాకు పుట్టుకతో వచ్చిన ఇంటిపేరులాంటిది. నేను ఉద్యోగరీత్యా ఒక ఊరికి పోయి ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, ఆ ఇంటి యజమాని అన్నీ బాగానే మాట్లాడి, పేరు విన్న తర్వాత 'మా వాళ్ళను అడిగి చెబుతాం' అన్నాడు. ఆ 'మా వాళ్ళు' ఎవరో ఇప్పటికీ తెలియదు. పేరు విని తలుపు మూసుకునే ఇళ్ళున్న దేశంలో, ఏ సంబంధమూ లేని పరాయి పిల్లవాడికి గది ఇచ్చి అన్నం పెట్టి సొంత బిడ్డలా చూసుకునే కుటుంబాల కథ మాకు ఊరికే కథ కాదు. అందుకే దీని చరిత్ర తిరగేయాలి. అందులో మావాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి.

చదువు కోసం ఇల్లు విడిచి, ఇంకొకరి ఇంట అన్నం తినడం మాకు అమెరికా నేర్పింది కాదు. ఉర్దూలో విద్యార్థిని తాలిబే ఇల్మ్ అంటారు. జ్ఞానాన్ని వెతుక్కునేవాడు అని. వెతుక్కోవడమంటే తిరగడమే. కైరోలోని అల్ అజ్హర్‌లో దూరదేశాల విద్యార్థుల కోసం 'రివాక్'లు అనే వసతులుండేవి. టర్కులకొకటి, సిరియావాళ్ళకొకటి, మగ్రిబీలకొకటి. 1866లో దేవబంద్‌లో మదర్సా మొదలైనప్పుడు దాని చేతిలో పెద్ద భవనాల్లేవు, నవాబుల జాగీర్లు లేవు. వచ్చిన పిల్లలకు ఆ ఊరి కుటుంబాలే అన్నం పెట్టాయి. ఏ ఇంటికి ఏ కుర్రవాడని పంచుకున్నాయి. తెలుగునేల నుంచి, రాయలసీమ నుంచి మతవిద్య కోసం బయల్దేరినవాళ్ళకు దేవబంద్ కన్నా దగ్గర వెల్లూరు. అక్కడి బాఖియాతుస్సాలిహాత్ 19వ శతాబ్దపు మదర్సా. తర్వాత తోళ్ళ వ్యాపారి కాకా మహమ్మద్ ఉమర్ 1924లో ఉమరాబాద్‌లో జామియా దారుస్సలాం పెట్టాడు. తెలుగు ముస్లిం పిల్లలు అరవదేశంలో ఉర్దూ మాధ్యమంలో అరబ్బీ చదువుకున్నారు. ఇంతకన్నా పెద్ద 'ఎక్స్ఛేంజ్' ఏముంటుంది?

హిందువుల్లోనూ ఇలాంటిది ఉంది. వారాలు చేసుకుని చదువుకోవడం. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. ఎందరో పెద్దల జీవితచరిత్రల్లో ఈ వారాల భోజనం కనపడుతుంది. కానీ ఆ వారం ఎవరికి దొరికింది? బ్రాహ్మణ బాలుడికి బ్రాహ్మణ ఇంట్లో దొరికింది. మాలమాదిగల బిడ్డకు దొరకలేదు. దూదేకుల పిల్లవాడికీ దొరకలేదు. వాళ్ళు చదువుకోవడానికి మిషన్ బళ్ళు, సర్కారు హాస్టళ్ళు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మా వైపూ అంతా పాలూ తేనే కాదు. సయ్యద్, షేక్, పఠాన్ అని గొప్పలు చెప్పుకునే ఇళ్ళలో దూదేకుల వాణ్ణి, ఫకీరు బిడ్డను ఏ చాపమీద కూర్చోబెట్టారో మాకు తెలుసు. ఆడపిల్లకైతే ఏ ఊళ్ళోనూ దస్తర్ఖాన్ పరిచినవాళ్ళు లేరు. చదువు కోసం ఆమె గడప దాటడమే తప్పన్నారు. ఆతిథ్యం ఎప్పుడూ మంచిదే, కానీ అది ఎవరికి దక్కిందో కూడా అడగాలి. ఈ ప్రశ్న పట్టుకుని సముద్రం దాటుదాం.

1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లండు పోయాడు. కొడుకులు హమీద్, మహమూద్ వెంట ఉన్నారు. మహమూద్‌కు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు వచ్చింది, కేంబ్రిడ్జిలో చదివి తర్వాత అలహాబాద్ హైకోర్టు జడ్జి అయ్యాడు. లండన్‌లో వాళ్ళు మెక్లెన్‌బర్గ్ స్క్వేర్‌లో ఒక ఇంట్లో గదులు తీసుకుని ఆ ఇంటివాళ్ళతో ఉన్నారు. సర్ సయ్యద్ అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాల్లో పెద్ద పెద్ద భవనాల వర్ణన ఉంది. కానీ ఆయన్ను కదిలించింది ఇంకొకటి. ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయికి చదువొచ్చు. ఆమె పత్రిక చదువుతుంది! 1857 తర్వాత కుప్పకూలిన ఢిల్లీని కళ్ళారా చూసిన మనిషికి, ఒక పనిమనిషి చేతిలో పత్రిక కనపడటం ఎంత దెబ్బ కొట్టి ఉంటుందో ఊహించండి. ఇంగ్లీషువాళ్ళ ముందు మనం ఎంత వెనకబడ్డామో అంటూ ఆయన కటువుగా రాసిన రాతలకు స్వదేశంలో తిట్లు కూడా తిన్నాడు. ఆ తిట్లలో న్యాయం లేకపోలేదు. తనవాళ్ళను అంత తక్కువ చేసి రాయనక్కర్లేదు. కానీ 1870లో తిరిగొచ్చి ఊరుకోలేదు. 1875లో అలీగఢ్‌లో బడి పెట్టాడు. అదే కాలేజీ అయి, 1920లో యూనివర్సిటీ అయింది. హోటల్లో దిగి మ్యూజియంలు చూసి వచ్చేవాడికి పనిమనిషి చదువు కనపడదు. ఇంట్లో ఉన్నవాడికే కనపడుతుంది.

రెండో కథ మన హైదరాబాద్‌ది. 1895లో పదహారేళ్ళ సరోజిని చట్టోపాధ్యాయను నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు పంపాడు. ఆమె లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గిర్టన్‌లో చదివింది. ముస్లిం రాజు సొమ్ముతో బెంగాలీ హిందూ బాలిక, అదీ ఆడపిల్లకు గడపే హద్దన్న రోజుల్లో, విదేశీ చదువుకు పోయింది. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాల్లో ఎన్నిట్లో ఉందో మీరే చూడండి. లండన్‌లో అలాంటి పిల్లలను ఆదరించినవాళ్ళలో మిస్ మానింగ్ ఒకరు. ఆమె నేషనల్ ఇండియన్ అసోసియేషన్ కార్యదర్శి. 1870లో మేరీ కార్పెంటర్ మొదలుపెట్టిన ఈ సంఘం మన విద్యార్థులకు ఇంగ్లీషు కుటుంబాలతో పరిచయాలు కల్పించేది, ఉండటానికి ఇళ్ళు చూసిపెట్టేది, సాయంత్రం విందులు జరిపేది. మంచి మనసుతో చేసిన పనే. కాదనం.

కానీ ఆ విందుల వెనక ఇంకో కన్ను తెరుచుకుంది. బెంగాల్ విభజన తర్వాత విద్యార్థుల్లో వేడి పెరిగింది. వీళ్ళు ఏం చదువుతున్నారు, ఎవరితో తిరుగుతున్నారు, ఎక్కడ ఉంటున్నారు అని ఆరా తీయడానికి 1907లో లీ వార్నర్ కమిటీని వేశారు. 1909 జూలై 1న లండన్‌లో మదన్ లాల్ ఢింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపాడు. ఎక్కడ? ఆ నేషనల్ ఇండియన్ అసోసియేషన్ ఇచ్చిన విందులోనే. అడ్డం పోయిన డాక్టర్ లాల్‌కాకా అనే పార్శీ కూడా చనిపోయాడు. అదే 1909లో భారతీయ విద్యార్థుల కోసం ఒక బ్యూరో ఏర్పడింది. సలహాదారుగా టి.డబ్ల్యు. ఆర్నాల్డ్‌ను పెట్టారు. ఈయన అలీగఢ్‌లో పాఠాలు చెప్పినవాడు, లాహోర్‌లో ఇక్బాల్‌కు గురువు, ముస్లిముల మీద ప్రేమ ఉన్నవాడు. అంత మంచివాణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా విద్యార్థులు ఆ బ్యూరోను అనుమానంగానే చూశారు. ఇల్లు చూపించే చెయ్యి, వివరాలు రాసుకునే చెయ్యి ఒకటే అయినప్పుడు ఎవరు నమ్ముతారు? ఈ ముచ్చటను గుర్తుపెట్టుకోండి. దాదాపు వందేళ్ళ తర్వాత ఇంకో దేశంలో ఇదే మళ్ళీ వస్తుంది.

ఆర్నాల్డ్ శిష్యుడు ఇక్బాల్ 1905లో కేంబ్రిడ్జి పోయాడు. 1907లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఒక పాన్సియన్‌లో, అంటే భోజనంతో సహా అద్దెకిచ్చే ఇంట్లో ఉండి, ఎమ్మా వేగెనాస్ట్ అనే యువతి దగ్గర జర్మన్ నేర్చుకున్నాడు. ఆ స్నేహం ఉత్తరాల్లో చాలా ఏళ్ళు నడిచింది. జర్మనీ కథల్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ 1920ల్లో బెర్లిన్ పోయి, 1926లో డాక్టరేట్ తీసుకుని వచ్చాడు. అక్కడ ఆయనకూ, ఆయన మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్‌లకూ దారి చూపిన స్నేహితురాలు గెర్డా ఫిలిప్స్‌బార్న్. యూదు కుటుంబపు అమ్మాయి. బెర్లిన్ సంగీతం, నాటకం, కొత్త రకం బడులు ఆమె ద్వారానే వాళ్ళకు తెలిశాయి. హిట్లర్ గద్దెనెక్కుతున్న రోజుల్లో ఆమె ఢిల్లీ వచ్చి జామియా మిల్లియాలో చేరింది. చిన్నపిల్లల బడి నడిపింది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం, జర్మన్ పౌరురాలు కాబట్టి శత్రువంటూ ఆమెను నిర్బంధించింది. యూదురాలిగా జర్మనీకి పనికిరానిది, జర్మన్‌గా బ్రిటిష్‌వాళ్ళకు పనికిరానిది.. ఆమెకు ఇల్లు ఇచ్చింది ఒక ముస్లిం విద్యాసంస్థ. 1943లో చనిపోయింది. జామియా ఖబరస్తాన్‌లోనే ఉంది. బెర్లిన్‌లో దారి చూపినామె ఢిల్లీలో మెహమాన్ అయింది, మెహమాన్‌గా వచ్చి ఆపా అయింది. యూదులూ ముస్లిములూ పుట్టు శత్రువులని బల్లగుద్ది చెప్పేవాళ్ళు ఆ సమాధి దగ్గర కాసేపు నిలబడాలి.

ఇవన్నీ పెద్ద పట్టణాల పెద్ద మనుషుల కథలు, మా మార్కాపురానికి ఏం సంబంధం అని అడగొచ్చు. ఉంది. చెబుతాను.

1970 ఫిబ్రవరి దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోవి. ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని తెచ్చి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. పశ్చిమ ప్రకాశం అనే మాట అలా పుట్టిందే. అంతకుముందు మావాళ్ళకు కోర్టయినా కలెక్టరయినా కర్నూలే. మీటర్ గేజి రైలెక్కి, బొగద దాటి, నంద్యాల మీదుగా పోవాలి. ఆ కర్నూల్లో పుట్టినవాడు డాక్టర్ మహమ్మద్ అబ్దుల్ హఖ్. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ పండితుడు. ఆక్స్‌ఫర్డ్ పోయి డాక్టరేట్ చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. అక్కడితో ఆగితే ఒక మనిషి ఎదిగిన కథ అయ్యేది. ఆయన పుట్టిన ఊరికి తిరిగి చూశాడు. 1947లో కర్నూల్లో ఉస్మానియా కాలేజీ ఆయన పూనికతోనే వచ్చింది. 1951లో మద్రాసులో వచ్చిన న్యూ కాలేజీ వెనకా ఆయన ఉన్నాడు. 1947 అంటే ఏ సంవత్సరమో గుర్తు తెచ్చుకోండి. ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, ఏ రైలు ఎక్కడ ఆగుతుంది అని దేశమంతా వణుకుతున్న సంవత్సరం. ఆ సంవత్సరం కర్నూలు ముస్లిములు కాలేజీ కట్టుకున్నారు. వెళ్ళిపోయేవాడు ఊళ్ళో కాలేజీ కడతాడా? 'మీరు మెహమాన్లు' అనేవాళ్ళకు ఆ కాలేజీ గోడే జవాబు. ఆ తలుపు హిందూ ముస్లిం పిల్లలకు అందరికీ తెరిచే ఉంది. కర్నూలు జిల్లాలో భాగమైన మా తాలూకాలకు కూడా అది సొంత జిల్లా కాలేజీ అయింది. ఆక్స్‌ఫర్డ్ చదువు మా దాకా అలా నడిచొచ్చింది.

ఇంకో సంగతి. మా పిల్లలు అమెరికా పోకముందే అమెరికా మా కంభం వచ్చింది, మార్కాపురం వచ్చింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరిన తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కో ఊరికీ పాకింది. ఆ తెల్లదొరలు, దొరసానులు ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్నారు, ఆసుపత్రులు పెట్టారు, బళ్ళు పెట్టారు. మతం మార్చడానికే వచ్చారు, అందులో దాపరికం లేదు. అయినా అన్నం దొరకని, బడి దొరకని మాదిగ పిల్లవాడికి వాళ్ళు బడి చూపించారు. మేం వాళ్ళ మతంలోకి పోలేదు. వాళ్ళ ఆసుపత్రికి పోయాం, వాళ్ళ బళ్ళో చదువుకున్నాం. ఇంత జరిగినా 'పరాయి దేశపు కుటుంబంతో కలిసి ఉండటం' మాకు కొత్త అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

ఇప్పుడున్న పద్ధతికి మొదలు 1932. అమెరికాలో డోనాల్డ్ వాట్ అనే ఆయన 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' అని మొదలుపెట్టాడు. పరదేశాన్ని చూడటం కాదు, అక్కడి ఇంట్లో బతకాలి అన్నది సూత్రం. ఇంకొకటి ఎ.ఎఫ్.ఎస్. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, గాయపడ్డవాళ్ళను అంబులెన్సుల్లో మోసిన అమెరికన్ యువకుల సంస్థ అది. రెండు యుద్ధాల్లో శవాలు మోసి మోసి, 1947 నుంచి హైస్కూలు విద్యార్థులను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే పని పెట్టుకుంది. ఒకరింట్లో ఒకరు అన్నం తిన్న పిల్లలు పెద్దయ్యాక తుపాకీ ఎత్తరని ఆశ. 1950 ఫిబ్రవరి 2న నెహ్రూ సంతకంతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం మన దేశానికి వచ్చింది. అటు నుంచి ఇటూ రాకపోకలు పెరిగాయి. 1998లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల కోసం సెమిస్టర్ చదువు ప్రారంభించింది. వాళ్ళలో కొందరు హైదరాబాద్ కుటుంబాలతో ఉండి చదువుకున్నారు. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు హైదరాబాద్‌లో ఒక ముస్లిం వైద్యురాలు 'అమ్మ' గదిలో ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చుకున్నది 2006లో పుస్తకంగా వచ్చింది. తాయెత్తు కోసం ఆ గదికి హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ వచ్చేవాళ్ళు. మాకది వింత కాదు. మా వైపు పీర్ల పండక్కి వచ్చేవాళ్ళను చూసినవాళ్ళకు ఎవరికీ వింత కాదు.

2001 సెప్టెంబర్ 11 తర్వాత లెక్క మారింది. ఆ మరుసటి ఏడాది, 2002లో, సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ చొరవతో అమెరికా ఒక పథకం తెచ్చింది. పేరు 'యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ', పొట్టిగా యెస్. ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి హైస్కూలు పిల్లలను ఎంపిక చేసి ఒక విద్యా సంవత్సరం అమెరికన్ కుటుంబాల్లో ఉంచి చదివిస్తారు. ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. ఇంట్లో పెట్టుకునే కుటుంబాలు పైసా తీసుకోవు. తర్వాత మన దేశం కూడా ఆ జాబితాలో చేరింది. పదిహేను పదహారేళ్ళ ముస్లిం అమ్మాయి బుర్ఖాతోనో లేకుండానో విమానమెక్కి, ఎన్నడూ పేరు వినని ఊళ్ళో దిగి, ఎవరినో 'మామ్' అని పిలవడం నేర్చుకుంటుంది. ఆ ఇంటివాళ్ళు ఆదివారం చర్చికి పోతారు. ఆమె కోసం పంది మాంసం వండిన గిన్నె వేరు పెడతారు. రంజాన్‌లో తెల్లవారకముందే లేచి సహరీకి తోడు కూర్చునే హోస్టు తల్లులూ ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర ఎంతమంది పక్కింటివాళ్ళు సహరీకి తోడు కూర్చున్నారు?

కానీ అదే 2002లో, అదే ప్రభుత్వం, ఇరవై అయిదు దేశాల నుంచి వచ్చిన మగవాళ్ళు ప్రత్యేకంగా నమోదు చేయించుకుని వేలిముద్రలివ్వాలనే పద్ధతి తెచ్చింది. ఆ ఇరవై అయిదులో ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాలే. చివరి నిబంధనలు 2016 డిసెంబర్లో గానీ రద్దు కాలేదు. లండన్ 1909 మళ్ళీ వచ్చింది కదా? ఒక చేత్తో దస్తర్ఖాన్, ఇంకో చేత్తో రిజిస్టర్. తల్లిగా చూసుకున్న ఆ ఇంటామెకు ఈ రిజిస్టర్‌తో సంబంధం లేదు. ప్రభుత్వానికి ఉంది. మనుషులనూ ప్రభుత్వాలనూ ఒకే గాటన కట్టకూడదని ఈ చరిత్ర మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

ఆ అనుమానం ముస్లిం దగ్గరే ఆగుతుందా? ఆగదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. 'నా దేశం నుంచి పొండి' అని అరిచి కాల్చాడు. ఇరానీలను చంపానని తర్వాత చెప్పుకున్నాడు. ఇరానీ అయితే చంపొచ్చునా? ముస్లిం మీద రాజేసిన ద్వేషం చర్మం రంగు చూసి ఎవరి ఇల్లయినా కాలుస్తుంది. హైదరాబాద్‌లో 'మా వాళ్ళను అడిగి చెబుతాం' అనే ఇంటాయన బిడ్డ కూడా అమెరికాలోనే ఉండొచ్చు. అక్కడ వాడు అద్దె ఇంటికి పోతే, ఇంటివాళ్ళు 'మా వాళ్ళను అడగాలి' అంటే ఆ తండ్రికి ఎలా ఉంటుంది? 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసా కావాలంటే సోషల్ మీడియా ఖాతాలు తెరిచి చూపించమంటున్నారు. రిజిస్టర్ ఇప్పుడు అందరి ముందుకూ వచ్చింది.

ఈ పిల్లల మీద ఇంకో బరువు ఉంది. యెస్ లాంటి పథకాల్లో ప్రతి బిడ్డనూ 'రాయబారి' అంటారు. మతానికీ దేశానికీ రాయబారి. క్రైస్తవ పిల్లవాడు పరీక్ష తప్పితే వాడొక్కడే తప్పాడంటారు. ముస్లిం పిల్లవాడు విసుక్కుంటే ఇస్లాం విసుక్కున్నట్టు. పదహారేళ్ళ పిల్ల జిహాద్ గురించి, తలాఖ్ గురించి, బుర్ఖా గురించి క్లాసులో జవాబు చెప్పాలి. ఆమెకు లెక్కలంటే ఇష్టమో పాటలంటే ఇష్టమో అడిగేవాళ్ళు తక్కువ. ఈ బరువు మాకు పాతదే. క్రికెట్ మ్యాచి జరిగిన రోజు, ఎక్కడో బాంబు పేలిన రోజు, తెలుగు బడుల్లో మా పిల్లలు మోస్తున్నదీ ఇదే. 'మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ' అని నన్ను ఎందరో మెచ్చుకున్నారు. గిద్దలూరు గాలి పీల్చినవాడు తెలుగు మాట్లాడక ఇంకేం మాట్లాడతాడు? ఆ మెచ్చుకోలు మెహమాన్‌కు ఇచ్చే మెచ్చుకోలు. ఇంటివాడికి ఎవరూ ఇవ్వరు. మా దూదేకుల వాళ్ళకైతే ఇంట్లో మాటే తెలుగు. వాళ్ళను 'నువ్వు సాయిబువా, తెలుగోడివా' అని అడిగితే ఏం చెప్పాలి?

ఇంతకీ మా ప్రాంతం నుంచి ఎందుకు పోవడం లేదు? మార్కాపురం పలక అనగానే ఒకప్పుడు తెలుగుదేశమంతటికీ తెలుసు. ఎన్ని లక్షల మంది అ ఆలు ఆ రాతి మీద దిద్దారో లెక్కలేదు. ఆ రాయి విదేశాల ఇళ్ళ నేలల మీదకీ గోడల మీదకీ పోయింది. రాయి కోసి, పలక చెక్కి, ఫ్రేము కట్టిన ఇళ్ళ పిల్లలు మాత్రం పోలేదు. కరువు, ఫ్లోరైడ్ నీళ్ళు, వెలిగొండ కోసం దశాబ్దాల ఎదురుచూపు.. ఈ నేలలో పుట్టినవాడికి పాస్‌పోర్టు కన్నా ముందు నీళ్ళ బిందె కనపడుతుంది. 2006లో సచార్ కమిటీ ముస్లిముల చదువు ఎంత వెనకబడిందో దేశానికి చెప్పింది. 2007లో బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. దాంతో మా ఇళ్ళలోనూ ఇంజనీర్లు, డాక్టర్లు కనపడసాగారు. విదేశీ చదువుకు వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 'పఢో పరదేశ్'ను, మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విదేశీ విద్య సాయాన్ని ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న రెండువందల యూనివర్సిటీలకు పరిమితం చేసింది. మంచి యూనివర్సిటీకి పోవాలనడం తప్పు కాదు. కంభంలో ఉర్దూ బడి, గిద్దలూరులో డిగ్రీ, ఇంగ్లీషు నేర్పే దిక్కులేని పిల్లవాడికి ఆ రెండువందల్లో సీటు ఎలా వస్తుందో ఆ జీవో రాసినవాళ్ళే చెప్పాలి.

మా జమాత్ పెద్దలకూ ఒక మాట. ఆడపిల్లను పక్క ఊరి కాలేజీకి పంపడానికే పది సాకులు చెప్పేవాళ్ళం, పరదేశం పేరెత్తితే 'పరాయి ఇంట్లో ఎలా ఉంటుంది?' అంటాం. పెళ్ళి చేసి పంపేది కూడా పరాయి ఇంటికే కదా! అక్కడికి ఏ ప్రశ్నా లేకుండా జీవితాంతం పంపుతాం. ఒక సెమిస్టర్ చదువుకు మాత్రం వెయ్యి ప్రశ్నలు. గల్ఫ్‌లో ఇంటిపనికి ఆడవాళ్ళను పంపిన ఇళ్ళున్నాయి. కష్టం చేయడానికి పరాయి ఇల్లు పనికొచ్చినప్పుడు, చదువుకోవడానికి ఎందుకు పనికిరాదు?

మెహమాన్‌కు ఒక గడువుంటుంది. చేతిలో తిరుగు టికెట్టు ఉంటుంది. సెమిస్టర్ అయిపోగానే పెట్టె సర్దుకుంటాడు. ఇంకొకరింట నిజంగా మెహమాన్‌గా ఉండి వచ్చిన ముస్లిం బిడ్డకు ఒక సంగతి అందరికన్నా బాగా తెలుస్తుంది. తను ఇక్కడ మెహమాన్ కాదని. ఇక్కడ తనకు గడువు లేదు, తిరుగు టికెట్టు లేదు. ఉన్నది ఈ ఇల్లే. ఈ ఇంటి బాగోగులు అడిగే హక్కూ, చూసుకునే బాధ్యతా తనవే. సర్ సయ్యద్ లండన్ ఇంటి నుంచి అలీగఢ్ తెచ్చాడు. జాకిర్ హుసేన్ బెర్లిన్ నుంచి వచ్చి జామియాను నిలబెట్టాడు. అబ్దుల్ హఖ్ ఆక్స్‌ఫర్డ్ చదువును కర్నూలుకు తెచ్చాడు. వాళ్ళు తెచ్చినవాటిలో తలుపులు అందరికీ తెరిచి ఉన్నాయి. తలుపు తెరిచేవాణ్ణి మా వీధిలో ఘర్‌వాలా అంటారు.

మార్కాపురం, గిద్దలూరు పిల్లలు కూడా పోవాలి. పోయి ఊరికే ఉండకుండా ఉత్తరాలు రాయాలి, తెలుగులో, ఉర్దూలో. అక్కడ ఎవరి వంటింట్లో ఏం నేర్చుకున్నారో మాకు చెప్పాలి. తిరిగొచ్చి ఇక్కడ ఒక్క గ్రంథాలయమో, ఆడపిల్లల కోసం ఒక్క హాస్టలో పెట్టాలి. దానికి వచ్చే మొదటి పిల్ల సుగాలి తండా నుంచి వచ్చినా, మాలపల్లె నుంచి వచ్చినా, దూదేకుల ఇంటి నుంచి వచ్చినా పేరు అడక్కముందే గది చూపించాలి. ఆ రోజు మమ్మల్ని 'ఎక్కణ్ణుంచి వచ్చారు?' అని అడిగినవాళ్ళను కూడా లోపలికి పిలిచి, చాయ్ ఇచ్చి, 'రండి, మీరు మా మెహమాన్లు' అందాం.